పందెపు గుర్రం వెనక మనిషి: సయీసు పని, బ్రతుకు

జంషెడ్‌పూర్‌లోని తెలుగు కుటుంబాలకు ఒక సంగతి విడమరిచి చెప్పనక్కర లేదు. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి వెళ్ళి ఉక్కు కర్మాగారంలో చేరిన తాతల కాలం నుంచీ ఆ ఇళ్ళల్లో "డ్యూటీ" అనే మాటకు కచ్చితమైన అర్థం ఉంది: ఎనిమిది గంటలు. దేశంలో అలాంటి చట్టం ఇంకా రాకముందే, 1912లోనే, టాటా కంపెనీ అక్కడ ఎనిమిది గంటల పనిదినం పెట్టింది. 1920లో జీతంతో కూడిన సెలవు, ప్రావిడెంట్ ఫండ్, ప్రమాద పరిహారం వచ్చాయి. 1934లో లాభాల్లో వాటాగా బోనసు మొదలైంది. ఈ ప్రసంగంలో ఆ కర్మాగారాన్ని కొలబద్దగా దగ్గర పెట్టుకుని, సైరన్ మోగితే మొదలై సైరన్ మోగితే ఆగే పని కాని మరొక పనిని చూద్దాం. అది పందెపు గుర్రాలను సాకే సయీసు పని.

జంషెడ్‌పూర్‌లో పందెం మైదానం లేదు. కాబట్టి మనం హైదరాబాదులోని మలక్‌పేటకు వెళ్ళాలి. 1886లో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్, అప్పటిదాకా మౌలాలిలో జరుగుతున్న పందేలను తన నివాసానికి దగ్గరగా ఉంటుందని మలక్‌పేటకు మార్పించాడు. ఇప్పుడు అక్కడ పందేలు నిర్వహించేది హైదరాబాద్ రేస్ క్లబ్. వానాకాలంలో ఒక సీజను, చలికాలంలో ఒక సీజను. దక్కన్ డెర్బీ సాధారణంగా అక్టోబరు 2న జరుగుతుంది. పేపర్లో మర్నాడు గుర్రం పేరు, యజమాని పేరు, శిక్షకుని పేరు, జాకీ పేరు వస్తాయి. ఫొటోలో కళ్ళెం పట్టుకుని పక్కన నిలబడ్డ అయిదో మనిషి పేరు మాత్రం ఉండదు.

సయీసు అనే మాట అరబ్బీ నుంచి వచ్చింది. సాకడం, అదుపులో పెట్టి నడపడం అని దాని ధాతువుకు అర్థం. రాజకీయానికి ఉర్దూలో వాడే "సియాసత్" కూడా ఆ ధాతువు నుంచి పుట్టినదే. అంటే గుర్రాన్ని నడిపేవాడూ రాజ్యాన్ని నడిపేవాడూ మాటల లెక్కలో దాయాదులు. అక్బరు కాలపు ఐనె అక్బరీలో రాజాశ్వశాల సిబ్బంది జాబితాలో సయీసు కనిపిస్తాడు, రెండు గుర్రాలకు ఒకడు చొప్పున. మన పురాణంలో చూస్తే, విరాటుని కొలువులో మారువేషంలో ఉన్న నకులుడు ఎంచుకున్నది ఈ పనినే. మధ్యయుగంలో మనుమంచి భట్టు గుర్రాల లక్షణాల మీద తెలుగులో "హయలక్షణ విలాసం" రాశాడు. శాస్త్రమంతా గుర్రం మీదే ఉంది గాని, దాన్ని కడిగేవాడి మీద ఎవరూ గ్రంథం రాయలేదు.

తెల్లవారకముందు

సయీసు రోజు నాలుగు గంటల ప్రాంతంలో మొదలవుతుంది. ఎండ పెరిగితే గుర్రం అలుస్తుంది, నేల గట్టిపడుతుంది. అందుకే పరుగు అభ్యాసం వేకువనే ముగించాలి. సయీసు లాయంలోకి అడుగు పెట్టగానే మొదట చూసేది గుర్రాన్ని కాదు, దాణా తొట్టిని. రాత్రి పెట్టింది మిగిలిందంటే ఎక్కడో తేడా ఉంది. గుర్రం వాంతి చేసుకోలేదు. అంత పెద్ద శరీరంలో జీర్ణకోశం మాత్రం చిన్నది. తిన్నది లోపల ఇరుక్కుంటే శూల వస్తుంది, కొన్ని గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది. తొట్టి చూడటం, పేడ చూడటం, కడుపు వైపు తల తిప్పి చూసుకుంటోందా అని గమనించడం, ఈ మూడూ పశువైద్యుడు రాకముందే జరిగే పరీక్షలు.

ఆ తరువాత కాళ్ళు. సయీసు వంగి ముందు కాళ్ళ వెనక భాగాన్ని అరచేత్తో పైనుంచి కిందికి నిమురుతాడు. ఇది ముద్దు చేయడం కాదు. దౌడులో ఒక క్షణం గుర్రం బరువంతా ఒకే ముందు కాలి మీద పడుతుంది. పడేది కూడా మామూలు బరువు కాదు, శరీరం బరువుకు రెట్టింపు కంటే ఎక్కువ. సుమారు 450 నుంచి 500 కిలోల జంతువు విషయంలో ఇది ఎంత ఒత్తిడో ఊహించండి. ఆ ఒత్తిడికి స్నాయువులో నాలుగు పోగులు తెగినా మొదట నొప్పి కనిపించదు. కాస్త వేడి మాత్రం తెలుస్తుంది. ఒక కాలికీ రెండో కాలికీ ఉన్న ఆ కొంచెం వేడి తేడాను రోజూ అదే కాలును నిమిరే అరచెయ్యి పట్టేస్తుంది. ఆ రోజు పరుగు ఆపితే కొన్ని వారాల విశ్రాంతితో సరిపోతుంది. పట్టుకోకపోతే ఆ గుర్రం ఇక పరుగెత్తదు, ఒక్కోసారి బ్రతకదు కూడా. లక్షల ఖరీదు చేసే జంతువు భవిష్యత్తు ఇలా లాయంలో అందరికంటే తక్కువ జీతగాడి అరచేతిలో ఉంటుంది. నన్నడిగితే ఈ ప్రసంగం మొత్తంలో గుర్తుంచుకోవలసిన విషయం ఇదే.

గిట్టలు ఎత్తి రాళ్ళూ పేడా తీయాలి, లాడాలు వదులయ్యాయేమో చూడాలి. ఒళ్ళంతా బ్రష్షు చేసి జీను బిగించి సవారీ కుర్రాడికి అప్పజెప్పాలి. పరుగు నుంచి చెమటతో తిరిగి వచ్చిన గుర్రాన్ని ఒళ్ళు చల్లబడేదాకా చేత్తో పట్టుకుని నడిపించాలి. తరువాత స్నానం, మాలీషు, దాణా. ఒక్కో గుర్రం రోజుకు పాతిక నుంచి నలభై లీటర్ల నీళ్ళు తాగుతుంది. లాయం ఊడ్చి తడిసిన పరుపు తీసి కొత్తది వేయాలి. మధ్యాహ్నం కొంత విరామం. సాయంత్రం మళ్ళీ నడక, మళ్ళీ దాణా. ఒక్కో సయీసు చేతికింద రెండు మూడు గుర్రాలుంటాయి. గుడ్డి గుర్రానికి పళ్ళు తోమినట్టు అని మనం వృథా పనిని వెక్కిరిస్తాం. ఆ సామెత కట్టినవాడు సయీసు మాత్రం అయి ఉండడు.

తన్ను, దుమ్ము, టీ గ్లాసు

ఈ పనిలోని ప్రమాదాలు గుర్రం స్వభావం నుంచే పుడతాయి. గుర్రం కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి కనుక చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది. సరిగ్గా వెనక కాస్త, ముక్కు ఎదుట కాస్త మాత్రం కనిపించదు. వెనక నుంచి చప్పుడు లేకుండా వచ్చినదాన్ని అది శత్రువనుకుని తంతుంది. అందుకే సయీసులు లాయంలో ఏదో ఒకటి మాట్లాడుతూనే తిరుగుతారు. బయటివాళ్ళకు అది పిచ్చిమాటల్లా వినిపిస్తుంది. నిజానికి "నేనిక్కడున్నాను" అని గుర్రానికి చెప్పడమది. అయినా పక్కటెముకలు విరగడం, పాదం గిట్ట కింద నలగడం, భుజం మీద కాట్లు ఈ వృత్తిలో మామూలే.

కనిపించని ప్రమాదాలు వేరే ఉన్నాయి. ఎండుగడ్డి దుమ్ములో బూజు కణాలు ఉంటాయి. తడిసిన పరుపు నుంచి అమ్మోనియా లేస్తుంది. ఏళ్ళ తరబడి వాటిని పీల్చిన ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. గుర్రపు పేడలో ధనుర్వాతం కలిగించే క్రిములుండటం సాధారణం కాబట్టి చిన్న గాయాన్ని కూడా అలక్ష్యం చేయకూడదు, టీకా తప్పనిసరి. గ్లాండర్స్ అనే వ్యాధి గుర్రం నుంచి మనిషికి సోకగలదు. పరీక్షలో అది తేలిన గుర్రాన్ని చంపివేయవలసిందే. ఆ గుర్రంతో అన్నాళ్ళూ ఊపిరి పంచుకున్న సయీసుకు ఆ వార్త రెండు విధాల దెబ్బ.

పందెం రోజు మరో రకం భయం ఉంటుంది. పందెం అయ్యాక ఎంపిక చేసిన గుర్రాల మూత్రం, రక్తం పరీక్షకు తీస్తారు. గుర్రం మూత్రం పోసేలా ఈల వేసేది సయీసే. చిన్నప్పటి నుంచీ ఆ ఈలకు అలవాటు చేస్తారు. నిషిద్ధ పదార్థాల జాబితాలో కెఫీన్ ఉంది. టీలో ఉండేది కెఫీనే! లాయంలో కూర్చుని టీ తాగి, గ్లాసులో మిగిలింది గడ్డి మీద పారబోస్తే గుర్రం పరీక్షలో దొరికిపోవచ్చు. మనిషి వేసుకున్న నొప్పి మాత్ర కూడా అంతే. ఆ మనిషి లాయంలో మూత్రం పోస్తే, ఆ గడ్డి తిన్న గుర్రంలో మందు జాడ తేలిన సందర్భాలు ప్రపంచంలో చాలా చోట్ల నమోదయ్యాయి. శిక్ష శిక్షకునికి పడుతుంది, కాని మొదటి ప్రశ్నలు సయీసుకే.

యజమాని ఎవరు?

ఇప్పుడు మన కొలబద్ద దగ్గరికి వద్దాం. జంషెడ్‌పూర్ కార్మికుని యజమాని ఎవరో అడగనక్కర లేదు, గేటు మీద పేరుంటుంది. సయీసు యజమాని ఎవరు? గుర్రం సొంతదారు నెలనెలా పోషణ ఖర్చు ఇస్తాడు, కాని సయీసును పనిలో పెట్టుకోడు. మైదానం, లాయాలు, నియమాలు క్లబ్బువి. క్లబ్బు లైసెన్సు పొందిన శిక్షకుడు గుర్రాలను తీసుకుని, జమాదారునూ సయీసులనూ పెట్టుకుని, జీతాలు ఇస్తాడు. సొంతదారు గుర్రాన్ని మరో శిక్షకునికి మార్చినా, శిక్షకుడు వృత్తి మానుకున్నా, సయీసు ఉద్యోగం కూడా కదులుతుంది. కొన్నిసార్లు గుర్రంతోపాటే కదులుతుంది.

ఇది చట్టం దగ్గర పెద్ద తేడా తెస్తుంది. కార్మిక బీమా, అంటే ఈ.ఎస్.ఐ., పందెం క్లబ్బులకు వర్తిస్తుందా అన్న వివాదం ఏళ్ళపాటు నడిచింది. పందెం క్లబ్బు "షాపు" అవుతుందా అన్నదే ప్రశ్న. హైదరాబాద్ రేస్ క్లబ్ కేసులో 2004లో సుప్రీంకోర్టు వర్తిస్తుందని చెప్పింది. మళ్ళీ సందేహం లేవనెత్తగా, 2014లో బెంగళూరు టర్ఫ్ క్లబ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం అదే మాట ఖాయం చేసింది. డబ్బు తీసుకుని సేవ అందించే చోటు కూడా ఆ చట్టం దృష్టిలో షాపే అన్నది తీర్పు సారం. 2016లో రాయల్ వెస్టర్న్ ఇండియా టర్ఫ్ క్లబ్ కేసులో, పందెం రోజుల్లో మాత్రమే వచ్చే తాత్కాలిక పనివారూ ఈ రక్షణలోకి వస్తారని తేలింది. ఇవన్నీ క్లబ్బు పనివారి గురించిన తీర్పులని గమనించండి. సయీసు జీతం శిక్షకుని నుంచి వస్తుంది. ఆ శిక్షకుని దగ్గర పదిమందైనా ఉన్నారా, వాళ్ళ పేర్లు రిజిస్టరులో ఎక్కాయా, చందా కట్టారా అన్న వాటి మీద అతని ఆసుపత్రి ఖర్చు ఆధారపడుతుంది.

గ్రాట్యుటీ సంగతి ఇంకా స్పష్టంగా చూపవచ్చు. 1972 చట్టంలోని లెక్క ప్రకారం, ఒకే యజమాని దగ్గర అయిదేళ్ళు వరసగా పనిచేస్తే, ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున ఇవ్వాలి. నెలను ఇరవై ఆరు రోజులుగా లెక్కిస్తారు. ఒక ఊహాచిత్రం వేసుకుందాం. ఇద్దరికీ చివరి జీతం నెలకు 15,000 రూపాయలు, ఇద్దరిదీ ఇరవై ఏళ్ళ సర్వీసు. ఒకరు ఒకే కంపెనీలో పనిచేశారు. వారికి సుమారు 1,73,000 రూపాయలు వస్తాయి. రెండోవారు ఆ ఇరవై ఏళ్ళూ అదే మైదానంలో, అవే లాయాల్లో, కాని అయిదుగురు శిక్షకుల దగ్గర నాలుగేసి ఏళ్ళు పనిచేశారు. వారికి వచ్చేది సున్నా. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలో ఈ.ఎస్.ఐ., గ్రాట్యుటీ చట్టాలు రెండూ కలిసిపోయాయి గాని, ఈ చిక్కు మాత్రం అలాగే ఉంది.

ఇతర దేశాల్లోనూ

ఇది మన ఒక్కరి కథ కాదు. ఇంగ్లండులో పందేలకు పుట్టిల్లనదగిన న్యూమార్కెట్‌లో 1975లో లాయం పనివారు సమ్మె చేశారు. అడిగింది వారానికి పౌండున్నర కూడా లేని పెంపు. పెద్ద పందెం రోజున మైదానానికి అడ్డుపడి, పందెం చూడటానికి వచ్చినవారితో ఘర్షణ దాకా వెళ్ళింది. అమెరికాలో 1973లో మూడు ప్రధాన పందేలూ గెలిచిన సెక్రటేరియట్‌ను సాకినవాడు ఎడ్డీ స్వెట్. ఆయన 1998లో పేదరికంలోనే కన్నుమూశాడు. కెంటకీలో నిలబెట్టిన సెక్రటేరియట్ కంచు విగ్రహంలో గుర్రం మీద జాకీ, ముందు పగ్గం పట్టుకుని ఎడ్డీ స్వెట్ ఉంటారు. అలాంటి విగ్రహాలు చాలా అరుదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఈ పని అసలు స్వరూపం బయటపడింది. పందేలు ఆగాయి, పందెపు ఆదాయం ఆగింది. గుర్రం ఆకలి ఆగదు కదా! గుర్రం గుడ్డిదైనా దాణాలో తక్కువ లేదన్నట్టు, పరుగు లేని గుర్రానికీ రోజూ తిండి, నడక కావాలి. ఊరంతా ఇంట్లో ఉన్నప్పుడు లాయాల్లో చీపుళ్ళు కదులుతూనే ఉన్నాయి.

ఇప్పుడు మైదానాలే తగ్గుతున్నాయి. మకావులో 2024 మార్చిలో, సింగపూర్‌లో అదే సంవత్సరం అక్టోబరులో చివరి పందేలు జరిగాయి. మన దేశంలో బకాయిల వివాదంతో తమిళనాడు ప్రభుత్వం 2024లో ఊటీలోని, చెన్నై గిండీలోని పందెం మైదానాల భూములను స్వాధీనం చేసుకుంది. పందేలు ఆగిన చోట గుర్రాన్ని లారీ ఎక్కించి మరో ఊరి మైదానానికి పంపవచ్చు, లేదా స్వారీ పాఠశాలకు అమ్మవచ్చు. సయీసు దగ్గర ఉన్నది ఆ అరచేతి విద్య ఒక్కటే. దానికి సర్టిఫికెట్టు లేదు. మలక్‌పేటలో గాని, మైసూరులో గాని, పుణెలో గాని కొత్త శిక్షకుని ముందు నిలబడి అతను ఇచ్చే పరిచయం సాధారణంగా ఒక్క వాక్యమే: ఫలానా గుర్రాన్ని నేను చూసుకున్నాను.