ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం

పరిచయం

పట్టణాల్లో రంగుచేపలు అమ్మే దుకాణాలను మీరు చూసే ఉంటారు. ఒక తొట్టిలో బంగారు చేపలు తిరుగుతుంటాయి. ఇవి మంచినీటి చేపలు. కొన్ని దుకాణాల్లో ఇంకో తొట్టిలో నారింజ రంగు ఒంటిమీద తెల్లని పట్టీలున్న చిన్న చేపలు కనిపిస్తాయి. ఇవి క్లౌన్ చేపలు. వీటి స్వస్థలం సముద్రం.

ఈ చేపలను చూసి ముచ్చటపడి కొందరు తొట్టినీ చేపలనూ ఒకే రోజు కొని తెస్తారు. వారం పది రోజుల్లో చేపలు చనిపోతాయి. "మా ఇంటికి చేపలు అచ్చిరాలేదు" అనుకుంటారు. ఇందులో అదృష్టానికి సంబంధం లేదు. చేపలు చనిపోవడానికి కారణం తరచుగా నీటిలోనే ఉంటుంది. ఆ నీటిని సిద్ధం చేయడం ఎలాగో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- సముద్రపు నీటికి, మంచినీటికి గల తేడాను వివరించగలుగుతారు.
- తొట్టికి కావలసిన నీటిని, ఉప్పును లెక్కకట్టగలుగుతారు.
- చేపలను వేయడానికి కొన్ని వారాలు ఎందుకు ఆగాలో చెప్పగలుగుతారు.
- తొట్టికి తగిన చేపలను ఎంచుకొని వాటిని సంరక్షించగలుగుతారు.

1. సముద్రపు నీటి స్వభావం

ఒక లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు కరిగి ఉంటాయి. దీనినే లవణీయత అంటారు. ఈ లవణాల్లో ఎక్కువ భాగం మనం వంటలో వాడే ఉప్పే. దానితోపాటు మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం లవణాలు కూడా ఉంటాయి. అందుకే వంట ఉప్పు ఒక్కటే కలిపితే సముద్రపు నీరు తయారుకాదు.

మాగాయ పెట్టేటప్పుడు మామిడి ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఏమవుతుంది? ముక్కల్లోని నీరు ఊటగా బయటకు వస్తుంది. బంగారు చేపను ఉప్పునీటిలో వేసినా ఇలాంటిదే జరుగుతుంది. దాని ఒంట్లోని నీరు బయటకు పోయి అది చనిపోతుంది. సముద్రపు చేపల శరీరం ఉప్పునీటికి తగినట్లు ఏర్పడింది. అవి నీటిని తాగి, ఎక్కువైన ఉప్పును మొప్పల ద్వారా బయటకు పంపుతాయి. కాని లవణీయత ఒక్కసారిగా మారితే అవి కూడా తట్టుకోలేవు.

మీ ఊరు సముద్రతీరాన ఉంటే, అక్కడి నీరే తెచ్చుకోవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. ఒడ్డు దగ్గరి నీటిలో మురుగు, నూనె కలిసి ఉండవచ్చు. గోదావరి, కృష్ణ వంటి నదులకు వరదలు వచ్చినప్పుడు ఆ ప్రాంతంలో లవణీయత బాగా తగ్గుతుంది. అందువల్ల కొత్తగా మొదలుపెట్టేవారు అక్వేరియం కోసం తయారుచేసిన సముద్ర లవణం పొడిని వాడటం మంచిది.

2. తొట్టి, ఇతర సామగ్రి

చిన్న తొట్టిని చూసుకోవడం సులువని అనుకుంటాం. నిజానికి నీరు తక్కువైన కొద్దీ అది త్వరగా వేడెక్కుతుంది, త్వరగా చెడుతుంది. 90 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పు, 40 సెం.మీ. ఎత్తు ఉన్న తొట్టి మొదటిసారికి సరిపోతుంది. గాజు 8 మి.మీ. మందం ఉంటే మంచిది. నీరు, రాళ్లు, గాజు కలిపి బరువు 125 కిలోలు దాటవచ్చు. కాబట్టి దృఢమైన బల్లపై, ఎండ పడనిచోట, సమతలంగా ఉంచండి.

ఇవి కూడా కావాలి: స్పాంజి ఉన్న ఫిల్టరు, నీటిని కదిలించే చిన్న మోటారు, థర్మామీటరు, నీటి సాపేక్ష సాంద్రతను చూపే హైడ్రోమీటరు, అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ పరీక్ష కిట్లు, ఇతర పనులకు వాడని రెండు ప్లాస్టిక్ బకెట్లు. ఇనుప వస్తువులేవీ నీటిలో ఉంచకండి. ఉప్పునీటిలో అవి తుప్పుపడతాయి.

తొట్టి అడుగున బాగా కడిగిన గుల్ల ముక్కలు పలుచగా పరవండి. చేపలు దాక్కోవడానికి సున్నపురాయి ముక్కలను గానీ, అక్వేరియం కోసం చేసిన కృత్రిమ రాళ్లను గానీ కదలకుండా పేర్చండి.

హెచ్చరిక: విద్యుత్ తీగ ప్లగ్గు కంటే కిందకు వంగి, ఆ తరువాత పైకి రావాలి. అప్పుడు తీగ వెంట జారిన నీటిచుక్క ప్లగ్గును చేరదు. నీటిలో చేయి పెట్టే ముందు స్విచ్ ఆపి ప్లగ్గు తీసివేయండి.

3. ఉప్పునీరు కలపడం

ముందుగా నీటి పరిమాణం లెక్కకడదాం. నీటిని 35 సెం.మీ. ఎత్తు వరకు పోస్తామనుకోండి.

90 × 30 × 35 = 94,500 ఘన సెం.మీ. = 94.5 లీటర్లు

రాళ్లు, గుల్ల ఆక్రమించిన చోటు తీసివేస్తే సుమారు 80 లీటర్లు మిగులుతాయి.

80 × 35 = 2,800 గ్రాములు

అంటే 2.8 కిలోల పొడి కావాలి. పొడిలో తేమ ఉంటే ఇంకొంచెం పట్టవచ్చు. కుళాయి నీటిలో క్రిములను చంపడానికి క్లోరిన్ కలుపుతారు. అది చేపలకు కూడా హాని చేస్తుంది. దుకాణంలో దొరికే క్లోరిన్ విరుగుడు మందును నీటిలో కలపండి. తరువాత లవణం పొడిని కొద్దికొద్దిగా వేసి, మోటారు నడిపి పూర్తిగా కరగనివ్వండి. మరునాడు హైడ్రోమీటరుతో చూడండి. సాపేక్ష సాంద్రత 1.023 నుంచి 1.025 మధ్య ఉండాలి.

4. చేపల కంటే ముందు బాక్టీరియా

ఈ పాఠంలో అతి ముఖ్యమైన భాగం ఇది. జాగ్రత్తగా చదవండి.

చేపల విసర్జన నుంచి, మిగిలిపోయిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. ఇది విషం. సముద్రంలో నీరు అపారం కాబట్టి అది పలచబడిపోతుంది. తొట్టిలో ఎక్కడికీ పోదు. పైగా సముద్రపు నీరు కొంత క్షారగుణం కలది. క్షారగుణం పెరిగిన కొద్దీ అమ్మోనియా మరింత హానికరమవుతుంది.

దీనికి ప్రకృతిలోనే ఒక ఉపాయం ఉంది. ఒక రకం బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. ఇంకొక రకం బాక్టీరియా నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా చేపలకు హానికరమే. నైట్రేట్ మాత్రం కొద్ది మోతాదులో ఉంటే చేపలు తట్టుకుంటాయి. ఈ బాక్టీరియా స్పాంజి మీద, రాళ్ల మీద, గుల్ల మీద స్థిరపడుతుంది. కొత్త తొట్టిలో ఇది చాలినంత ఉండదు. పెరగడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొన్నిసార్లు ఇంకా ఎక్కువ పట్టవచ్చు.

ఈ వారాల్లో తొట్టిలో చేపలు ఉండకూడదు. బాక్టీరియాకు ఆహారంగా ఒక చిన్న పచ్చిరొయ్య ముక్కను నీటిలో వేయండి. అది కుళ్లి అమ్మోనియా ఇస్తుంది. ఫిల్టరు పగలూ రాత్రీ నడవాలి. రెండు మూడు రోజులకోసారి నీటిని పరీక్షించి నోటుపుస్తకంలో రాయండి. మొదట అమ్మోనియా పెరుగుతుంది. తరువాత అది తగ్గుతూ నైట్రైట్ పెరుగుతుంది. చివరకు రెండూ సున్నాకు వచ్చి నైట్రేట్ కనిపిస్తుంది. అప్పుడు మిగిలిన రొయ్య ముక్కను తీసివేసి, నాలుగో వంతు నీరు మార్చండి. ఇక తొట్టి సిద్ధమైనట్లే.

రొయ్యల చెరువుల దగ్గర పనిచేసినవారికి ఈ సంగతి కొత్త కాదు. అక్కడ కూడా అమ్మోనియాను, లవణీయతను పరీక్షిస్తూనే ఉంటారు. నీరు తేటగా కనిపించినంత మాత్రాన మంచిదని చెప్పలేం. అమ్మోనియాకు రంగు లేదు. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

5. చేపలను ఎంచుకోవడం

ఈ తొట్టికి రెండు చిన్న క్లౌన్ చేపలు చాలు. వీటిలో ఒక వింత ఉంది. ఇవి మొదట మగ చేపలుగా పెరుగుతాయి. జంటలో పెద్దది ఆడ చేపగా మారుతుంది. బాగా చూసుకుంటే ఇవి పదేళ్లకు పైగా బతకగలవు.

క్లౌన్ చేపలను హేచరీల్లో పుట్టించి పెంచుతున్నారు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మన దేశంలో ఈ పద్ధతులను అభివృద్ధి చేసింది. కొనేటప్పుడు "ఇవి హేచరీ చేపలా, సముద్రంలో పట్టినవా?" అని తప్పక అడగండి. హేచరీ చేపలకు తొట్టి జీవితం, మేత అలవాటై ఉంటాయి. పైగా వాటి కోసం పగడపు దిబ్బలను కదిలించనక్కరలేదు. చురుకుగా ఈదుతూ, మీ ఎదుట మేత తినే చేపనే తీసుకోండి.

అందం కోసం పగడాలను, సముద్ర గుర్రాలను తేవచ్చునా? తేకూడదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) రక్షించే జీవుల జాబితాలో 2001లో సముద్ర గుర్రాలను, దిబ్బలు కట్టే పగడాలను చేర్చారు. వాటిని సముద్రం నుంచి తీయడం, అమ్మడం నేరం.

చేపలు తెచ్చిన సంచిని మూతి విప్పకుండా 15 నిమిషాలు తొట్టి నీటిపై తేలనివ్వండి. తరువాత మూతి విప్పి, ఐదు నిమిషాలకోసారి అర గ్లాసు తొట్టి నీటిని సంచిలో పోయండి. గంట తరువాత వలతో చేపలను తీసి తొట్టిలో వదలండి. సంచిలోని నీటిని తొట్టిలో పోయకండి. ఇంకో చిన్న చేపను వేయాలనుకుంటే కనీసం నెల రోజులు ఆగండి. చేపలు పెరిగినంత త్వరగా బాక్టీరియా పెరగదు.

6. సంరక్షణ

మేత: రోజుకు రెండుసార్లు, రెండు నిమిషాల్లో తినేంత మాత్రమే వేయండి.

ఆవిరి: ఉప్పుమడిలో నీరు ఆవిరై ఉప్పు మిగలడం మనకు తెలుసు. తొట్టిలోనూ అంతే. 80 లీటర్లలో 5 లీటర్లు ఆవిరైతే లవణీయత 35 నుంచి 37 దాటుతుంది. కాబట్టి తగ్గిన మేరకు, క్లోరిన్ లేని మంచినీటినే పోయాలి.

వేడి: నీరు 25 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. వేసవిలో నీటి ఉపరితలంపై చిన్న ఫ్యాను గాలి తగలనిస్తే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. చేపలు పైకి ఎగరకుండా తొట్టిపై వల మూత ఉంచండి.

కరెంటు కోత: చేపలకే కాక బాక్టీరియాకు కూడా ఆక్సిజన్ కావాలి. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి సిద్ధంగా ఉంచుకోండి.

నీటి మార్పు: రెండు వారాలకోసారి 10 లీటర్లు తీసి, ముందురోజే బకెట్టులో కలిపి ఉంచిన ఉప్పునీటిని పోయండి. స్పాంజిని తీసిన నీటిలోనే పిండి కడగండి. కుళాయి కింద కడిగితే క్లోరిన్ వల్ల బాక్టీరియా చనిపోతుంది.

తొట్టిని కొనసాగించలేకపోతే చేపలను దుకాణానికో, పెంచగలిగినవారికో ఇవ్వండి. సముద్రంలోగాని చెరువులోగాని వదలకండి. చెరువులో అవి బతకవు. సముద్రంలో వదిలితే తొట్టిలోని రోగాలు అక్కడి చేపలకు సోకవచ్చు.

మీరు నేర్చుకున్న విషయాలు

- సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి.
- అమ్మోనియా, నైట్రైట్ సున్నాకు వచ్చేవరకు చేపలను వేయకూడదు.
- ఆవిరైన నీటికి బదులు మంచినీటిని పోయాలి. నీటిని మార్చేటప్పుడు ఉప్పునీటిని పోయాలి.
- హేచరీ చేపలనే కొనాలి. పగడాలను, సముద్ర గుర్రాలను తేకూడదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. నీటి మార్పు కోసం 12 లీటర్ల ఉప్పునీరు కావాలి. ఎంత లవణం పొడి కలపాలి?
2. పైన చెప్పిన తొట్టిలో నీటిమట్టం 2 సెం.మీ. తగ్గింది. ఎంత నీరు, ఎలాంటి నీరు పోయాలి?
3. పదహారో రోజున అమ్మోనియా సున్నా, నైట్రైట్ ఎక్కువగా ఉంది. చేపలను వేయవచ్చునా?

జవాబులు

1. 12 × 35 = 420 గ్రాములు.
2. 90 × 30 × 2 = 5,400 ఘన సెం.మీ., అంటే సుమారు 5.4 లీటర్ల మంచినీరు.
3. వేయకూడదు. రెండో రకం బాక్టీరియా ఇంకా చాలినంత పెరగలేదు. నైట్రైట్ కూడా సున్నాకు వచ్చేవరకు ఆగాలి.