పగలు కీబోర్డు... రాత్రి గిటారు!

సోమవారం నుంచి శుక్రవారం దాకా వెబ్‌సైట్లు తయారు చేస్తారు. శనివారం సాయంత్రం వేదికెక్కి హాలు దద్దరిల్లేలా వాయిస్తారు. సాఫ్ట్‌వేర్ కొలువునీ రాక్‌బ్యాండ్‌నీ ఒకే చేత్తో నడిపే కుర్రకారు మన నగరాల్లోనూ కనిపిస్తారు. 'రెండు పడవల మీద కాళ్లేంటిరా' అని ఇంట్లో పెద్దల బెంగ. ఆ పడవలు ఒడ్డుకు చేరాలంటే ఏం చేయాలి?

నిజానికి వెబ్‌కీ బ్యాండ్‌కీ చుట్టరికం ఈనాటిది కాదు. వరల్డ్ వైడ్ వెబ్ పుట్టింది జెనీవా దగ్గరున్న సెర్న్ పరిశోధన కేంద్రంలో. అక్కడే 'లే ఒరీబ్ల్ సెర్నెట్' అని అమ్మాయిల పాటల బృందం ఒకటుండేది. రాత్రిళ్లు కూడా ప్రయోగశాలకే అంకితమైపోయే ప్రియుడి మీద అలిగిన అమ్మాయి గోడు... వాళ్ల పాటల్లో ఒకదానికి కథావస్తువు! ఆ పాటలు రాసింది అక్కడే కంప్యూటర్ విభాగంలో పనిచేసే సిల్వానో ది జెన్నారో. 1992లో ఆయన తీసిన బృందం ఫొటోని వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ అడిగి మరీ తీసుకున్నాడు. వెబ్‌లోకి ఎక్కిన తొలి ఫొటోల్లో అదీ ఒకటి. అంటే, వెబ్ కళ్లు తెరుస్తూనే చూసిన ముఖాల్లో ఉద్యోగుల బ్యాండ్ కూడా ఉందన్నమాట!

మానేయాలా... వద్దా?

బ్యాండ్ కాస్త పేరు తెచ్చుకోగానే ఎదురయ్యే ప్రశ్న ఇది. దీనికి ఇద్దరు అమెరికన్లు రెండు రకాల జవాబులు చెప్పారు.

మొదటివాడు టామ్ షోల్జ్. ఎంఐటీలో మెకానికల్ ఇంజినీరింగ్ చదివి పోలరాయిడ్ కంపెనీలో చేరాడు. పగలు కెమెరాల పని. రాత్రి ఇంటి నేలమాళిగలో సొంతంగా అమర్చుకున్న స్టూడియోలో పాటల పని. జీతంలో మిగిలిందంతా రికార్డింగ్ పరికరాలకే. అలా ఏళ్ల తరబడి చెక్కిన పాటలతో 1976లో 'బోస్టన్' ఆల్బమ్ వచ్చింది. ఒక్క అమెరికాలోనే కోటీ డెబ్భై లక్షల ప్రతుల స్థాయికి చేరింది. అది నిలదొక్కుకుందని తేలేదాకా ఆయన ఉద్యోగం వదల్లేదు. ఇంజినీరింగ్‌నైతే ఆ తర్వాతా వదల్లేదు. గిటారు వాయించేవాళ్ల కోసం 'రాక్‌మ్యాన్' అనే చిన్న యాంప్లిఫయర్ తయారుచేశాడు.

రెండోవాడు జోనాథన్ కౌల్టన్. న్యూయార్క్‌లో ప్రోగ్రామర్. 2005లో, ఇంట్లో పసిపాప ఉండగానే, ఉద్యోగానికి రాజీనామా చేశాడు. వారానికో పాట చొప్పున ఏడాదిపాటు రాసి ఇంటర్నెట్‌లో పెడతానని పంతం పట్టాడు. పట్టు నిలుపుకున్నాడు. వాటిలో బాగా పేరొచ్చింది ఆఫీసులో మగ్గిపోయే ఓ ప్రోగ్రామర్ మీద రాసిన 'కోడ్ మంకీ'. మరుసటి ఏడాదికల్లా 'పోర్టల్' అనే వీడియోగేమ్‌కి పాట రాసే అవకాశం తలుపు తట్టింది.

ఇద్దరూ గెలిచారు. కానీ గమనించారా... ఒకరు జీతాన్ని పెట్టుబడిగా మార్చుకుంటే, మరొకరు 'వారానికో పాట' అని తనకు తానే ఆఫీసు పెట్టుకున్నాడు. పని వేళలు లేని కల మాత్రం ఇద్దరికీ లేదు.

శుక్రవారం సాయంత్రం జాగ్రత్త

వెబ్ పనిలో ఓ తిరకాసుంది. ఆఫీసు తలుపు మూసినంత మాత్రాన అది ఆగదు. సైటు అర్ధరాత్రి కూడా ఆగిపోవచ్చు. అందుకే చాలాచోట్ల వంతులవారీగా ఒకరు ఫోన్‌కి అందుబాటులో ఉండాలంటారు. కచేరీ తేదీ ఖాయమైన రోజే ఆ వంతుని సహోద్యోగితో మార్చుకుంటే సరిపోతుంది. 'వచ్చే వారం నీ వంతు నేను చేస్తా' అన్న మాట మాత్రం తప్పకూడదు. అలాగే శుక్రవారం సాయంత్రం సైటులో కొత్త మార్పులు పెట్టడాన్ని అనుభవమున్నవాళ్లు వీలైనంత వరకూ తప్పించుకుంటారు. అది బ్యాండ్ ఉన్నవాళ్లకి మరీ ముఖ్యం!

సాధన కూడా అంతే. 'ఖాళీ దొరికినప్పుడు కలుద్దాం' అనుకుంటే నలుగురికీ ఒకేసారి ఖాళీ దొరకదు. వారంలో ఒక రోజు, రెండు గంటలు... అని గీత గీసుకోవాలి. ఎవరి భాగం వాళ్లు ఇంట్లో నేర్చుకుని రావాలి. అద్దె గదిలో గడియారం తిరుగుతుంటే ఒకరు నేర్చుకోవడం, ముగ్గురు చూస్తూ కూర్చోవడం అంటే డబ్బూ దండగే, స్నేహమూ దండగే.

చెవులు, వేళ్లు, సంతకం

రోజంతా టైపింగ్, రాత్రి తీగలు... రెండూ అవే మణికట్ల మీద భారం. మధ్యమధ్యలో విరామం ఇవ్వాలి. నొప్పి మొదలైతే 'అదే పోతుందిలే' అనుకోకుండా డాక్టర్ని కలవాలి. చెవుల సంగతి ఇంకా ముఖ్యం. 85 డెసిబెళ్ల మోతని ఎనిమిది గంటలకు మించి వినకూడదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సూచన. మోత మూడు డెసిబెళ్లు పెరిగితే ఆ సమయం సగానికి పడిపోతుంది. వంద డెసిబెళ్ల దగ్గర మిగిలేది పావుగంటే! ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోవడం నామోషీ కాదు. పోయిన వినికిడిని ఏ పాటా తిరిగి తేలేదు.

మూడోది సంతకం. ఉద్యోగంలో చేరేటప్పుడు సంతకం చేసిన కాగితాల్లో రెండో సంపాదన గురించి ఏముందో చదివారా? పోటీ సంస్థలకు పనిచేస్తున్నారంటూ 2022లో విప్రో మూడొందల మందిని తీసేసింది. అదే ఏడాది ఇన్ఫోసిస్ ముందస్తు అనుమతితో బయటి పనులు చేసుకోవచ్చంది. కచేరీ పోటీ వ్యాపారం కాకపోవచ్చు. అయినా పారితోషికం తీసుకునే ముందు అనుమతి అడిగేస్తే తర్వాత దాచుకోవాల్సిన పని ఉండదు. ఆ డబ్బుని ఆదాయపు పన్ను లెక్కల్లో చూపించడమూ మరిచిపోకూడదు.

ఇంతకీ ఇదంతా దేనికి?

బేస్ గిటారు ఆగినప్పుడే అంతసేపూ అది వినిపించిందని తెలుస్తుంది. సర్వరూ అంతే... పడిపోయినప్పుడే అందరికీ గుర్తొస్తుంది. పక్కవాడి తాళం వింటూ తన పని చేసుకుపోవడం రెండుచోట్లా ఒకటే. ఒక తేడా మాత్రం ఉంది. ఆఫీసులో నెలల కష్టానికి చప్పట్లు ఉండవు. వేదిక మీద అవి అక్కడికక్కడే దొరుకుతాయి. కొందరికి సోమవారం పొద్దున్నే మళ్లీ కంప్యూటర్ తెరిచే ఓపికనిచ్చేది ఆ చప్పట్లే.

పిల్లలు గిటారు కొంటామంటే గుండెలు బాదుకునే తల్లిదండ్రులు ఒక్కసారి వెనక్కి చూడాలి. పగలు ఆఫీసులో గుమాస్తా, రాత్రి పరిషత్తు నాటకంలో దుర్యోధనుడు... అలాంటి బాబాయో మావయ్యో మన ఇళ్లలోనూ ఉండేవారు. జీతం తెచ్చారు, పద్యమూ పాడారు. అప్పటి గద స్థానంలో ఇప్పుడు గిటారు వచ్చింది... అంతే!