ఎండలో పనిచేస్తే చర్మ క్యాన్సర్ వస్తుందా? విదేశాల్లో లెక్క ఒకటి, మన దగ్గర లెక్క ఇంకొకటి.. ఈ మచ్చ మాత్రం వదిలేయొద్దు!

ముఖం మీద ఓ గరుకు మచ్చ. గోకితే పొలుసు ఊడిపోతుంది, కొన్నాళ్లకు మళ్లీ అక్కడే వస్తుంది. ఫోన్‌లో వెతికితే ‘క్యాన్సర్‌కు ముందు దశ’ అంటూ వీడియోలు వరుస కడతాయి. కాశిబుగ్గ, ఎనుమాముల మార్కెట్ యార్డు చుట్టుపక్కల మిర్చి సీజన్ అంతా ఎండలోనే గడిపే హమాలీలు, రైతులు, ఆటోవాళ్లకు ఇలాంటి వీడియో చూస్తే గుండె గుభేల్‌మంటుంది. ఇంతకీ ఈ మచ్చలు ఎంతమందికి వస్తాయి? మనవాళ్లలో ఎవరు జాగ్రత్త పడాలి? వివరంగా చూద్దాం.

అసలు ఏంటీ మచ్చ?

డాక్టర్లు దీన్ని ఆక్టినిక్ కెరటోసిస్ అంటారు. ఏళ్ల తరబడి ఎండ తగిలిన చోటే వస్తుంది. బట్టతల, నుదురు, ముక్కు, చెవుల అంచులు, ముంజేతులు, అరచేతుల వెనక వైపు దీనికి ఇష్టమైన చోట్లు. కంటికి కనిపించకముందే చేతికి తగులుతుంది. వేలితో రాస్తే ఇసుక కాగితంలా గరగరలాడుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మ కణాల్లోని డీఎన్‌ఏను దెబ్బతీయడమే దీనికి కారణం.

అయితే ఈ మచ్చ ఉన్నంత మాత్రాన క్యాన్సర్ ఉన్నట్టు కాదు. ఒక్కో మచ్చ క్యాన్సర్‌గా మారే అవకాశం ఏడాదికి 1 శాతం కన్నా తక్కువే. కొన్ని వాటంతట అవే తగ్గిపోతాయి కూడా. కానీ ఏది తగ్గుతుందో, ఏది ముదురుతుందో ముందే చెప్పడం కష్టం. అందుకే డాక్టర్లు దీన్ని వదిలేయకుండా చికిత్స చేస్తారు.

విదేశాల్లో ఎంతమందికి?

స్పెయిన్‌లో చర్మ వైద్యుల దగ్గరికి వచ్చిన 45 ఏళ్లు, ఆపై వయసు పేషెంట్లను పరీక్షిస్తే 28.6 శాతం మందిలో ఈ మచ్చలు కనిపించాయి. అంటే ప్రతి 100 మందిలో దాదాపు 29 మంది. వాళ్లంతా ఈ మచ్చ కోసమే వచ్చినవాళ్లు కాదు. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డ్యామ్‌లో ఆస్పత్రి పేషెంట్లను కాకుండా మామూలు జనాన్ని చూశారు. 45 ఏళ్లు దాటిన వాళ్లలో 37.5 శాతం మందికి ఉన్నాయి. మగవాళ్లలోనైతే దాదాపు సగం మందికి. ఆస్ట్రేలియాలో 40 ఏళ్లు దాటిన వాళ్లలో 40 నుంచి 60 శాతం మందికి ఉంటాయని అంచనా.

భయపెట్టే వీడియోల్లో వినిపించే నంబర్లు ఎక్కువగా ఇలాంటి దేశాలవే. తెల్ల చర్మం వాళ్ల లెక్కలను మన చర్మానికి అతికించడం దగ్గరే అసలు గందరగోళం మొదలవుతోంది.

మన దగ్గర ఎందుకు అరుదు?

ఎండ తక్కువై కాదు. అతినీలలోహిత సూచీ 11కు చేరితే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అత్యంత తీవ్రమైన స్థాయిగా లెక్కిస్తుంది. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో తెలంగాణలో ఆ స్థాయి దాటడం మామూలే. మనల్ని కాపాడుతున్నది మెలనిన్. చర్మానికి రంగునిచ్చే ఈ పదార్థం కణం లోపల డీఎన్‌ఏ ఉన్న కేంద్రకం మీద గొడుగులా పరుచుకుని ఎండను ఆపుతుంది. ‘నల్లగా ఉన్నావ్’ అని పెళ్లి చూపుల్లో వంక పెట్టే ఆ రంగే మనకు పుట్టుకతో వచ్చిన రక్షణ అన్నమాట.

అందుకే మన దగ్గర చర్మ వైద్యుల ఓపీలో తామర, గజ్జి, మొటిమలు, మంగు మచ్చల కేసులే ఎక్కువ. ఆక్టినిక్ కెరటోసిస్ చాలా అరుదు. దేశంలోని మొత్తం క్యాన్సర్లలో చర్మ క్యాన్సర్ల వాటా 1-2 శాతానికి మించదు. వయసు పైబడ్డాక ముఖం మీద వచ్చే చిన్న చిన్న నల్లటి పులిపిర్లు, బుగ్గల మీద మంగు మచ్చలు క్యాన్సర్‌కు దారి తీసేవి కావు.

మరి మనకు ప్రమాదమే లేదా?

ఉంది, కాకపోతే దారి వేరు. మన దేశంలో చర్మ క్యాన్సర్ చాలాసార్లు పాత కాలిన గాయం మచ్చలోనో, ఏళ్ల తరబడి మానని పుండులోనో మొదలవుతుంది. నడుము దగ్గర చీర, ధోవతి బిగుతుగా కట్టిన చోట రాపిడి వల్ల వచ్చిన కేసులు కూడా వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. మెలనోమా అనే ప్రమాదకరమైన రకం మనవాళ్లలో ఎక్కువగా అరికాలి మీద, గోళ్ల కింద కనిపిస్తుంది. అక్కడ ఎండే తగలదు!

ఎవరు అలర్ట్‌గా ఉండాలి?

⦿ పుట్టుకతోనే చర్మం, జుట్టు తెల్లగా ఉండే ఆల్బినిజం ఉన్నవాళ్లు. వీళ్లకు మెలనిన్ గొడుగు ఉండదు. ఈ మచ్చలు, క్యాన్సర్ చిన్న వయసులోనే రావచ్చు. ఇది బొల్లి కాదు, రెండూ వేరు. ఇలాంటి పిల్లలను ఎండలో ఆటలకు, పొలం పనులకు పంపేముందు ఒళ్లంతా కప్పే బట్టలు తప్పనిసరి.

⦿ కిడ్నీ లాంటి అవయవ మార్పిడి చేయించుకుని, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నవాళ్లు.

⦿ ఎండలో పనిచేస్తూ బీడీ, ఖైనీ అలవాటు ఉన్నవాళ్లు. కింది పెదవి పగిలి, పొరలు లేచి, నెలలు గడిచినా మానకపోతే చూపించుకోవాలి.

⦿ పాత కాలిన మచ్చ మీద కొత్తగా పుండు పడ్డవాళ్లు.

మెడికల్ షాపు ట్యూబుతో జాగ్రత్త

అరుదైన జబ్బుతో ఉన్న చిక్కే ఇది. ఎవరికీ వెంటనే అనుమానం రాదు. గరుకు మచ్చ కనిపించగానే ‘తామర అయ్యుంటుంది’ అని మెడికల్ షాపులో ఓ ట్యూబు కొంటాం. వాటిలో చాలావరకు స్టెరాయిడ్ కలిసే ఉంటుంది. రాయగానే ఎరుపు తగ్గుతుంది, నయమైందనుకుంటాం. లోపల మాత్రం అది అలాగే ఉంటుంది, నెలలు గడిచిపోతాయి. ఆలోగా మచ్చ గట్టిపడినా, త్వరగా పెరిగినా, నొప్పి పుట్టినా, రక్తం కారినా ఇక ఆగొద్దు. నెల దాటినా మానని పుండు ఏదైనా డాక్టర్‌కు చూపించాల్సిందే.

పరీక్ష, చికిత్స ఇలా..

అనుమానం ఉంటే ఆ చోట మత్తు ఇచ్చి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. ‘ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుంది’ అనే మాటలో నిజం లేదు. ఆక్టినిక్ కెరటోసిస్ అని తేలితే ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించి తీసేస్తారు, లేదా డాక్టర్ పర్యవేక్షణలో రాసుకునే క్రీములు ఇస్తారు. వరంగల్‌లోని ఎంజీఎం ఆస్పత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. క్యాన్సర్ అని తేలితే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. ఆరోగ్యశ్రీలో క్యాన్సర్ చికిత్స కూడా ఉంది.

సన్‌స్క్రీన్ కొనాల్సిందేనా?

ఆస్ట్రేలియాలోని నాంబూర్‌లో 1992 నుంచి నాలుగున్నరేళ్లు చేసిన అధ్యయనంలో, రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్నవాళ్లలో ఒక రకం చర్మ క్యాన్సర్ దాదాపు 40 శాతం తగ్గింది. అది కూడా అక్కడి లెక్కే. ఆల్బినిజం, అవయవ మార్పిడి ఉన్నవాళ్లకు సన్‌స్క్రీన్ తప్పనిసరి. మిగతావాళ్లు క్యాన్సర్ భయంతో ఖరీదైన ట్యూబులు కొనక్కర్లేదు. తలకు తువ్వాలు, ఫుల్ చేతుల చొక్కా, మధ్యాహ్నం కాస్త నీడ చాలు. వడదెబ్బకూ ఇదే కాపు.

నెలకోసారి అద్దం ముందు నిలబడి ముఖం, చెవులు, పెదవి చూసుకోండి. అరికాళ్లు, పాత గాయాల మచ్చలు మర్చిపోవద్దు. ఇంట్లో పెద్దవాళ్లకు కళ్లు సరిగ్గా ఆనకపోతే మీరే చూడండి.

గమనిక: ఈ కథనం అవగాహన కోసమే. మచ్చ ఏదో తేల్చాల్సింది డాక్టరే.