క్యాబ్ యాప్ నుంచి స్కూటర్ ఫ్యాక్టరీకి.. ఓలా స్పీడ్‌కి బ్రేక్ ఎక్కడ పడింది..?

రోడ్డు మీద ఓలా స్కూటర్ కనిపిస్తే చాలామందికి ఇప్పటికీ ఒకటే డౌట్. క్యాబ్‌ల ఓలా, ఈ ఓలా ఒకటేనా అని. పేరు ఒకటే, ఫౌండర్ కూడా ఒకరే.. కానీ కంపెనీలు వేరు. క్యాబ్ యాప్‌ను నడిపేది ఏఎన్‌ఐ టెక్నాలజీస్. స్కూటర్లు తయారుచేసేది ఓలా ఎలక్ట్రిక్. 2024లో షేర్ మార్కెట్‌కు వచ్చింది ఈ రెండోదే.

అసలు కథ 2010 డిసెంబర్‌లో మొదలైంది. ఐఐటీ బాంబేలో చదివిన భవిష్ అగర్వాల్, అంకిత్ భాటి కలిసి ఓలా క్యాబ్స్ పెట్టారు. ఐడియా సింపుల్. కారు డ్రైవర్‌ది, ఆయిల్ ఖర్చు డ్రైవర్‌ది, రిపేర్ వస్తే జేబు ఖాళీ అయ్యేదీ డ్రైవర్‌కే. కంపెనీ యాప్ ఇచ్చి, అప్పట్లో ప్రతి ట్రిప్‌కీ కమీషన్ తీసుకునేది. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి.. ముందు ముందు పనికొస్తుంది.

ఎలక్ట్రిక్ వైపు తొలి అడుగు 2017 మే నెలలో నాగ్‌పూర్‌లో పడింది. మహీంద్రాతో కలిసి 200 ఎలక్ట్రిక్ వాహనాలతో పైలట్ ప్రాజెక్ట్ మొదలుపెట్టారు. అయితే చార్జింగ్ స్టేషన్ల దగ్గర క్యూలు పెరిగాయి. బండి ఎక్కువసేపు ఆగితే డ్రైవర్‌కి ట్రిప్పులు పోతాయి కదా.. కొందరు మళ్లీ డీజిల్ కార్లకే వెళ్లిపోయారు.

కంపెనీ మాత్రం వెనక్కి తగ్గలేదు. ఎలక్ట్రిక్ బిజినెస్‌ను విడిగా పెంచింది. 2019లో రతన్ టాటా సొంతంగా పెట్టుబడి పెట్టారు. అదే ఏడాది సాఫ్ట్‌బ్యాంక్ 25 కోట్ల డాలర్లు ఇచ్చింది. తర్వాతి ఏడాది కరోనా లాక్‌డౌన్‌తో క్యాబ్‌లు ఆగిపోయాయి. రెండు నెలల్లో ఆదాయం 95 శాతం పడిపోయిందని చెప్పి 1,400 మంది ఉద్యోగులను తీసేశారు. సరిగ్గా అదే మే నెలలో ఆమ్‌స్టర్‌డామ్‌కు చెందిన ఎటర్గో అనే స్కూటర్ కంపెనీని ఓలా ఎలక్ట్రిక్ కొనేసింది. ఈరోజు మనం చూసే ఎస్1 స్కూటర్ డిజైన్‌కు మూలం అదే.

2020 డిసెంబర్‌లో తమిళనాడు ప్రభుత్వంతో 2,400 కోట్ల రూపాయల ఫ్యాక్టరీ ఒప్పందం కుదిరింది. స్థలం పోచంపల్లి. చీరల పోచంపల్లి అనుకునేరు.. ఇది మన కుప్పం పక్కనే ఉండే కృష్ణగిరి జిల్లాలోది. టీవీఎస్, ఏథర్ ప్లాంట్లు ఉన్న హోసూరు కూడా ఆ జిల్లాలోనే ఉంది.

2021 జులైలో 499 రూపాయలకు బుకింగ్ ఓపెన్ చేస్తే 24 గంటల్లోనే లక్ష దాటాయి. ఆగస్టు 15న ఎస్1 ధర 99,999 అని ప్రకటించారు. షోరూమ్ లేదు, డీలర్ లేడు. ఫోన్‌లో కొనడం, ఇంటికి డెలివరీ. అంటే క్యాబ్ బుక్ చేసినట్టే స్కూటర్ బుక్ చేయడం అన్నమాట!

ఇక్కడే తేడా వచ్చింది. క్యాబ్ పాడైతే డ్రైవర్ చూసుకున్నాడు. స్కూటర్ పాడైతే? కొన్నవాడు కంపెనీనే అడుగుతాడు. పాత కంపెనీలకు ఊరూరా డీలర్, ఆ పక్కనే తెలిసిన మెకానిక్, రాక్‌లో స్పేర్ పార్ట్స్ ఉంటాయి. దశాబ్దాలుగా కట్టుకున్న నెట్‌వర్క్ అది, యాప్‌తో రాత్రికి రాత్రి వచ్చేది కాదు. 2022 మార్చిలో పుణెలో ఒక స్కూటర్ కాలిపోయింది. మరుసటి నెలలో 1,441 బండ్లను తనిఖీ కోసం వెనక్కి పిలిచారు. ముందు ఫోర్క్ విరుగుతోందన్న ఫిర్యాదుల మధ్య 2023లో దాన్ని ఉచితంగా మార్చుకునే ఆప్షన్ ఇచ్చారు.

అయినా అమ్మకాలు ఆగలేదు. 2024 ఆగస్టులో 76 రూపాయల ధరతో ఐపీవో వచ్చింది, షేరు రోజుల్లోనే 150 దాటింది. కానీ సర్వీస్ సెంటర్ల ముందు బండ్లు పేరుకుపోయిన వీడియోలు వైరల్ అయ్యాయి. అక్టోబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ నోటీసు ఇచ్చింది. ఏడాదిలో జాతీయ హెల్ప్‌లైన్‌కు వచ్చిన ఫిర్యాదులు 10 వేలకు పైనే. అందులో 99 శాతం పరిష్కరించామన్నది కంపెనీ సమాధానం. డిసెంబర్ నాటికి స్టోర్లను 4,000కు పెంచామని కూడా ప్రకటించింది. షోరూమే వద్దన్న కంపెనీ ఇది!

అదే నెల రిజిస్ట్రేషన్లలో బజాజ్ మొదటి స్థానానికి వెళ్లింది, టీవీఎస్ కూడా ఓలాను దాటేసింది. 2025లో షేరు 50 రూపాయల కిందికి వచ్చింది. ఏ కంపెనీ బండ్లు ఎన్ని రిజిస్టర్ అవుతున్నాయో వాహన్ పోర్టల్‌లో ఎవరైనా ఫ్రీగా చూసుకోవచ్చు. కొనే ముందు అదొకటి, మీ ఊరికి దగ్గర్లో సర్వీస్ సెంటర్ ఎక్కడుందో ఒకటి.. రెండూ చూసుకుంటే బెటర్.