మేఘనాథ్ సాహా: వివక్ష నడుమ పుట్టిన సమీకరణం

నక్షత్రం ఎంత వేడిగా ఉందో ఎలా తెలుస్తుందని అడిగితే, వర్ణపటం చూసి అని మీరు వెంటనే చెబుతారు. ఆ వర్ణపటాన్ని చదివే పద్ధతి 1920లో కలకత్తా నుంచి వచ్చింది. దాన్ని కనుగొన్న మేఘనాథ్ సాహా వయసు అప్పటికి 26 ఏళ్లు.

సాహా 1893లో ఢాకా సమీపంలోని ఒక పల్లెలో పుట్టారు. తండ్రిది చిన్న కిరాణా కొట్టు. పై చదువుకు బడి దూరం కావడంతో ఒక వైద్యుడు తన ఇంట్లో ఉంచుకుని భోజనం పెట్టారు. అయితే తిన్న కంచం పిల్లవాడే కడుక్కోవాలి, ఆవును కూడా చూసుకోవాలి. దయ, కులపట్టింపు ఒకే ఇంట్లో ఉండటం మన దేశంలో వింతేమీ కాదు.

జిల్లాలో ప్రథముడిగా నిలిచి, నెలకు 4 రూపాయల ఉపకార వేతనంతో 1905లో ఢాకా కాలేజియేట్ స్కూల్లో చేరారు. అది బెంగాల్ విభజన కాలం. గవర్నర్ ఫుల్లర్ రాకను విద్యార్థులు బహిష్కరించారు. సాహాను బడి నుంచి తీసేశారు, ఉపకార వేతనమూ పోయింది. వేరే బడిలో చదువు సాగించి, 1911లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలకు వచ్చారు. అక్కడి హాస్టల్లో కొందరు ఆయన పక్కన కూర్చుని తినడానికి ఒప్పుకోలేదు. తరగతిలో మాత్రం ఆయన పోటీ సత్యేంద్రనాథ్ బోస్‌తో! జాతీయోద్యమకారులతో సంబంధాలున్నాయన్న కారణంతో ప్రభుత్వ ఆర్థిక శాఖ ఉద్యోగ పరీక్ష రాయనివ్వలేదు. ఒక విధంగా భౌతికశాస్త్రానికి అది మేలే చేసింది.

ఇక అసలు విషయానికి వద్దాం. సూర్యుని వర్ణావరణంలో, అంటే ఉపరితలానికి పైనున్న పలుచని పొరలో, అయనీకరణం చెందిన కాల్షియం గీతలు చాలా ఎత్తు వరకు కనిపిస్తాయి. పైకి పోయేకొద్దీ అవి ఎందుకు బలంగా ఉండాలి? సాహా దీన్ని రసాయన చర్యలా చూశారు. వేడికి అణువు విడిపోయినట్లే, పరమాణువు నుంచి ఎలక్ట్రాన్ విడిపోతుంది. ఉష్ణోగ్రత పెరిగితే విడిపోయేవి పెరుగుతాయి. మరి పీడనం తగ్గితే? కణాలు పలచబడతాయి, విడిపోయిన ఎలక్ట్రాన్‌కు మళ్లీ జత దొరకడం కష్టమవుతుంది. అందుకే పలుచని పొరలో అయాన్ల పాలు ఎక్కువ. ఉష్ణోగ్రత, పీడనం, ఎలక్ట్రాన్‌ను లాగడానికి కావలసిన శక్తి, ఈ మూడింటినీ కలిపేదే సాహా సమీకరణం. నక్షత్రాల వర్ణపటాలు వేరువేరుగా ఉండటానికి ముఖ్య కారణం పదార్థ భేదం కాదు, ఉష్ణోగ్రతా భేదమని దీనితో స్పష్టమైంది.

దీనికి ముందు ఒక సంగతి జరిగింది. కాంతి పీడనం పరమాణువుల మీద ఎలా పనిచేస్తుందో వివరిస్తూ సాహా 1917లో ఒక పెద్ద వ్యాసాన్ని అమెరికాలోని ఆస్ట్రోఫిజికల్ జర్నల్‌కు పంపారు. అచ్చు ఖర్చులో కొంత రచయితే భరించాలన్నారు. అంత డబ్బు ఆయన దగ్గర లేదు. ఆ పని కుదించిన రూపంలో కలకత్తా విశ్వవిద్యాలయ పత్రికలో వచ్చింది, బయట దాన్ని చూసినవారు తక్కువ. తర్వాత అదే దారిలో నడిచిన ఇంగ్లండు శాస్త్రజ్ఞుల పేర్లే ముందుకు వచ్చాయి. ప్రతిభ ఉంటే చాలు, గుర్తింపు దానంతటదే వస్తుందనేవారు ఈ ఉదంతాన్ని ఒకసారి చూడాలి.

1927లో ఆయన రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. నోబెల్‌కు పలుమార్లు ప్రతిపాదించినా రాలేదు.

సాహా సమీకరణాన్ని గొప్పగా వాడుకున్నది సిసిలియా పేన్. చదువుకున్న కేంబ్రిడ్జి ఆనాడు స్త్రీలకు పట్టా ఇవ్వదు కనుక ఆమె అమెరికా వెళ్లారు. ఆ సమీకరణంతో లెక్క కట్టి, నక్షత్రాలలో అత్యధికంగా ఉన్నది హైడ్రోజనేనని 1925లో తేల్చారు. అది అసాధ్యమని పెద్ద శాస్త్రజ్ఞుడు హెన్రీ నోరిస్ రసెల్ అనడంతో, ఈ ఫలితం నిజం కాకపోవచ్చని తన సిద్ధాంత గ్రంథంలో ఆమే రాసుకోవలసి వచ్చింది. నాలుగేళ్ల తర్వాత, 1929లో, రసెల్ స్వయంగా వేరే దారిన అదే నిర్ణయానికి వచ్చారు.