ముందు నెగటివ్ అంచు చూడండి

మే నెల పొద్దున శామీర్‌పేట చెరువు కట్ట మీద నిలబడి, పాత యాషికా మ్యాట్‌తో ఒక నలుపు తెలుపు రోలు తీశాను. పన్నెండు ఫ్రేముల్లో పదకొండు శుభ్రంగా వచ్చాయి. ఐదోదానిలో మాత్రం ఎడమ అంచు నుంచి తెల్లటి మంట ఒకటి లేచి నీళ్ల మీదికి పాకింది. వెంటనే రోలు కడిగిన ల్యాబ్‌కు ఫోన్ చేసి నాలుగు మాటలు గట్టిగానే అన్నాను.

మేడ్చల్‌లో ఒకప్పుడు స్టూడియో నడిపిన పెద్దాయనకు ఆ ప్రింటు చూపిస్తే, దాన్ని పక్కకు పెట్టేశాడు. "ప్రింటుల ఏముంటది బిడ్డా? నెగటివ్ తియ్యి" అన్నాడు. ఇక్కడ రాస్తున్న దానిలో సగం ఆ మాట నుంచి మొదలైందే.

అపోహ: కెమెరాలో లైట్ లీకు ఉంటే అన్ని ఫ్రేముల్లోనూ కనబడాలి. ఒక్కదానిలోనే ఉందంటే తప్పు ల్యాబ్‌దే.

సన్నని సందు ఉన్న కెమెరా నీడలో గంట ఉన్నా ఫిల్ముకు ఏమీ కాకపోవచ్చు. అదే సందు ఎండకు ఎదురుగా పది నిమిషాలు నిలిస్తే చాలు, లైట్ కొడుతుంది. ఐదో ఫ్రేము దగ్గర నేనేం చేశాను? నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుంటుంటే, అది తల తిప్పుతుందేమోనని కెమెరాను స్టాండు మీద వదిలేసి చాలాసేపు కాచుకున్నాను. మిగతావన్నీ మెడలో వేలాడేసుకుని నడుస్తూ తీసినవి. ఏ ఫ్రేము దగ్గర ఎంతసేపు ఆగారో, ఎండ ఎటువైపు ఉందో రాసుకునే అలవాటు ఉంటే సగం విచారణ అక్కడే అయిపోతుంది.

అపోహ: ఫోటోలో మరక ఎడమన ఉంటే కన్నమూ కెమెరాకు ఎడమనే ఉంటుంది.

కెమెరా లోపల బొమ్మ తలకిందులుగా, కుడిఎడమలు మారి పడుతుంది. అందుకే ఫోటోను 180 డిగ్రీలు తిప్పి, కెమెరా వెనకాల నిలబడి పోల్చుకోవాలి. నా ఎడమ మరక కెమెరా కుడి పక్కకు, అంటే రోలు తిప్పే హ్యాండిల్ ఉన్న వైపుకు వచ్చింది.

దానికంటే ముఖ్యం, మరక ఎక్కడ ఆగిందన్నది. నెగటివ్‌లో బొమ్మ చుట్టూ ఖాళీ అంచు ఉంటుంది. స్కాన్ చేసేవాళ్లు సాధారణంగా దాన్ని కత్తిరించేస్తారు, ప్రింటులోనూ రాదు. మరక నల్లగా ఆ అంచు దాకా పాకిందంటే వెలుతురు వెనక తలుపు సందుల నుంచో, రోలు ఎక్కించేటప్పుడో, దించేటప్పుడో వచ్చినట్టు. బొమ్మ గీత దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోతే అది ముందు నుంచి, అంటే షట్టర్ వైపు నుంచో, మడత కెమెరాల్లోనైతే తిత్తి చిల్లు నుంచో వచ్చినట్టు. పాత ఆగ్ఫా ఐసొలెట్‌లకు తిత్తి మూలల్లో సూదిమొన చిల్లులు పడటం ప్రసిద్ధమే. ఇంకో మాట. ప్రింటు మీద నల్ల మరక కనిపిస్తే అది లీకు కాదు. లీకు నెగటివ్ మీద నలుపు, ప్రింటు మీద తెలుపు.

35 ఎంఎం వాడేవాళ్లు "రంగు ఫిల్మ్‌లో ఎర్ర మరక వస్తే వెలుతురు వెనక నుంచి వచ్చినట్టే" అంటారు. అక్కడది చాలావరకు నిజం. నా యాషికాలో వేసే 120 రోలుకు మాత్రం వెనక నల్ల కాగితం కాపలా ఉంటుంది కాబట్టి వెలుతురు ఎక్కువగా పక్క అంచుల నుంచే దూరుతుంది. ఇక్కడ రంగు ఒక్కటే చూసి తీర్పు చెప్పలేం.

అపోహ: వెనక కాగితం ఉంది కదా, రోలు ఎండలో ఎక్కించినా ఫర్వాలేదు.

కాగితం వీపును కాపాడుతుంది గానీ పక్కలను కాదు. చుట్ట వదులైతే రెండు అంచుల నుంచీ వెలుతురు లోపలికి జారుతుంది. ఎక్కించేటప్పుడు స్పూల్‌ను బొటనవేలితో కాస్త అదిమి పట్టుకోవడం అందుకే. తీసిన రోలులో పన్నెండో ఫ్రేము పైపొరలో ఉంటుంది, మొదటిది అడుగున. అందుకే చివరి ఫ్రేముల అంచులు రెండువైపులా మసకబారితే, రోలు దించిన తర్వాత పాడైందని అనుమానించాలి.

పాత కెమెరాల వెనక ఉండే ఎర్ర కిటికీ సంగతి కూడా ఇలాంటిదే. 120 రోలు 1901లో కొడాక్ తెచ్చింది. ఆనాటి ఫిల్ముకు ఎరుపు కనబడదు కాబట్టి ఆ ఎర్ర అద్దంలోంచి కాగితం మీది అంకెలు చూసుకుంటే ఏమీ అయ్యేది కాదు. ఇప్పటి ఫిల్ముకు ఎరుపూ కనబడుతుంది. ఇళ్లలో అటకల మీద దొరికే ఆగ్ఫా క్లిక్ త్రీ వాడాలనుకుంటే, ఆ కిటికీ మీద నల్ల టేపు వేసి, రోలు తిప్పేటప్పుడు మాత్రం నీడలో ఎత్తండి.

అపోహ: చీకటి గదిలో కెమెరా లోపల టార్చ్ పెడితే అన్నీ బయటపడతాయి.

తిత్తి చిల్లులకు ఇది మంచి పరీక్షే. తలుపు గాడులు మాత్రం మెలికలుగా ఉంటాయి. టార్చ్ వెలుగు ఒక కోణంలోనే వెళ్తుంది, నిమిషాల తరబడి పేరుకునే వెలుతురును కన్ను పట్టలేదు. బయటికి వెలుగు ఎక్కడా కనబడనంత మాత్రాన లీకు లేదని కాదు. ఫిల్ము చోట బ్రోమైడ్ కాగితం ముక్క పెట్టి, ఎండలో ఉంచి కడిగి చూడటం చవక పద్ధతి. కానీ ఆ కాగితానికి ఎరుపు కనబడదు, ఎర్ర కిటికీ దోషం అందులో దొరకదు.

అపోహ: తలుపు అంచున అతికించే ఫోమ్ మార్చేస్తే సరిపోతుంది.

అన్నింటికంటే ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. తలుపు వంకరగా ఉన్నా, తాళం కొక్కెం వదులైనా కొత్త ఫోమ్ ఏం చేస్తుంది? పాత ఫోమ్ వేడికీ చెమ్మకీ జిగురై తారులా అంటుకుంటుంది, నిజమే. దాన్ని గోకాల్సిందే, ముక్కలు లెన్స్ వెనకకు పడకుండా. అయితే అది కారణం తేలాక చేసే పని.

లీకు అనిపించినవన్నీ లీకులు కావు. ఎండలో నిలిపిన కారులో వదిలేసిన రోలు కూడా పాడవుతుంది గానీ, వేడికి మరక రాదు, ఫిల్ము మొత్తం మసకబారుతుంది. చలికాలం పొడిగాలిలో రోలు విసురుగా తిప్పితే మెరుపు కొమ్మల్లాంటి గీతలు పడొచ్చు. అదీ లీకు కాదు.

నేను చివరకు చేసింది ఇదీ. గడువు తీరిన రోలు ఎక్కించి, లెన్స్‌కు మూత పెట్టి, అతుకులన్నిటికీ నల్ల టేపు వేసి ఎండలో పది నిమిషాలు ఉంచాను. మూత తీయకుండానే షట్టర్ నొక్కి, మధ్యలో ఒక ఫ్రేము ఖాళీగా వదిలాను. తర్వాత ఒక్కో విడతకు ఒక్కో వైపు టేపు తీస్తూ, మిగతావి మూసే ఉంచి, అదే పని చేశాను. ఏ అంకెకు ఏ వైపో కాగితం మీద రాసుకున్నాను. కడిగించాక కుడి పక్క టేపు తీసిన ఫ్రేము ఒక్కటే నల్లబడింది, అంచు దాకా. తలుపు తీసి చూస్తే అక్కడ ఫోమ్ బాగానే ఉంది, తలుపు రేకే వెంట్రుకవాసి బయటికి వంగి ఉంది. ఎప్పుడో కింద పడ్డ కెమెరా.

ఆ రోలు కడిగింది కూడా అదే ల్యాబ్. ఫోన్ చేసి నా తప్పు ఒప్పుకుంటే, అవతల కుర్రాడు నవ్వి, "మొన్నటి రోలు అంచులు నేను అప్పుడే చూశాను సార్. మీరు చెప్పనిస్తేగా" అన్నాడు.