మీకు తెలుసా? కాళ్ళు గుంజేది అలసటతోనేనా?

చిలమత్తూరు పల్లెల్లో రాత్రి పక్క మీద వాలగానే "కాళ్ళు గుంజుతాండాయి" అనే మాట వినిపిస్తుంది. చేనిలో పడ్డ కష్టమని సరిపెట్టుకుంటాం. పడుకుంటే ఎక్కువై, లేచి నాలుగడుగులు వేస్తే తగ్గుతుంటే అది అలసట కాకపోవచ్చు.

● దీన్ని రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అంటారు. ఇంగ్లండ్ వైద్యుడు థామస్ విల్లిస్ 1672లోనే దీని గురించి రాశారు. ఈ పేరు పెట్టింది మాత్రం 1945లో, స్వీడన్ వైద్యుడు ఎక్‌బోమ్.

● మెదడులో డోపమైన్ తయారీకి ఇనుము కావాలి. ఇనుము తగ్గితే ఈ బాధ రావచ్చు, ఉన్నది ముదరవచ్చు. గర్భిణుల్లో, కిడ్నీ జబ్బున్న వారిలో కూడా ఇది ఎక్కువ.

● రక్తదానంతోనూ ఇనుము తగ్గుతుంది. మన దగ్గర దాత నుంచి ఒకసారి 350 లేదా 450 మిల్లీలీటర్ల రక్తం తీసుకుంటారు. దాంతోపాటు సుమారు 150 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము పోతుంది. తిండి నుంచి ఒంటికి పట్టేది రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములే.

● హిమోగ్లోబిన్ 12.5 గ్రాములుంటే రక్తం ఇవ్వవచ్చు. కానీ అది కుండలోని గింజల లెక్క. పాతరలో, అంటే ఒంట్లోని ఇనుము నిల్వల్లో, ఎంత మిగిలిందో చెప్పేది ఫెరిటిన్ పరీక్ష. కుండ నిండుగా ఉన్నా పాతర అడుగంటి ఉండవచ్చు.

● 2015లో వెలువడిన అమెరికా అధ్యయనంలో, రక్తమిచ్చాక ఇనుము మాత్రలు వేసుకోని వారిలో 67 శాతం మందికి 168 రోజులైనా నిల్వలు నిండలేదు. మన దగ్గర మగవారు 90 రోజులకు, ఆడవారు 120 రోజులకు మళ్ళీ ఇవ్వవచ్చు.

● జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ళ ఆడవారిలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. పాతర ముందే వెలితిగా ఉన్న ఇళ్ళు మనవి.

● ఉలవలు, ఆకుకూరలు తినేటప్పుడు నిమ్మకాయ పిండుకుంటే వాటిలోని ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనం మీద టీ తాగితే ఆ మేలు తగ్గుతుంది.

● కాళ్ళు గుంజుతుంటే డాక్టరును అడిగి ఫెరిటిన్ చూపించుకోండి. ఈ బాధ ఉన్నవారిలో అది మిల్లీలీటరుకు 75 నానోగ్రాములు లేదా అంతకన్నా తక్కువుంటే డాక్టర్లు ఇనుము ఇవ్వడం గురించి ఆలోచిస్తారు. పరీక్ష లేకుండా మాత్రలు మింగవద్దు; ఇనుము ఎక్కువైనా చేటే.

రక్తం ఇవ్వడం మానవద్దు. కాన్పు కష్టమైన తల్లికి, రోడ్డు ప్రమాదంలో పడ్డవారికి అదే ప్రాణం. ఇచ్చే చెయ్యి పదిసార్లు ఇవ్వాలంటే, ఇచ్చిన ప్రతిసారీ పాతర నింపుకోవాలి.